ఆఫ్రికాలో కార్గో పైలట్ ఉద్యోగం, అది ఇప్పించిన క్రూ ఏజెన్సీ: నా రివ్యూ

అయిదుకి మూడున్నర ఇస్తున్నాను. మార్కులు చూసి వెళ్ళిపోయేవాళ్ళకి ఇంత చాలు. మిగతాదంతా సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్స్) చేతిలో పెట్టుకుని ఇంట్లో కూర్చున్న మన నల్గొండ, పాలమూరు పిల్లల కోసం, ఆ లైసెన్సు కోసం పొలం అమ్మిన వాళ్ళ అమ్మానాన్నల కోసం.

మాది దేవరకొండ దగ్గర ఊరు. కొన్నేళ్ళుగా నైరోబీలోని విల్సన్ ఎయిర్‌పోర్ట్ నుంచి సెస్నా కారవాన్ అనే చిన్న విమానం నడుపుతున్నాను. మోసేది మనుషుల్ని కాదు, సరుకు. మొదట కో పైలట్‌గా చేశాను, ఇప్పుడు కెప్టెన్‌ని. ఈ రివ్యూ నాకు ఆ ఉద్యోగం ఇప్పించిన క్రూ ఏజెన్సీ గురించి. పేరు రాయడం లేదు. వాళ్ళలో ఉన్న లోపాలు ఈ వ్యాపారంలో చాలామందిలో ఉన్నవే, పేరు రాస్తే చదివినవాళ్ళు ఆ ఒక్క ఆఫీసును వదిలేసి పక్క ఆఫీసులో నిశ్చింతగా సంతకం పెట్టేస్తారు.

ముందు ఈ ఏజెన్సీలు ఎట్లా నడుస్తాయో చెప్తాను, ఎందుకంటే మన దగ్గర చాలామందికి ఇది తెలియదు. విమానం ఒకరిది, దాన్ని నడిపే కంపెనీ ఇంకొకరిది, పైలట్‌ని పంపేది ఏజెన్సీ, సరుకు మరెవరిదో. జీతం ఏజెన్సీ వేస్తుంది, డ్యూటీ కంపెనీ వేస్తుంది, ఎంత లోడ్ పోవాలో సరుకు యజమాని అరుస్తాడు. ఏదైనా తేడా వస్తే ఒకరు ఇంకొకరి వైపు వేలు చూపిస్తారు. కాబట్టి కాంట్రాక్ట్ తెరవగానే జీతం అంకె వెతక్కండి. మీ యజమాని అని ఎవరి పేరు రాశారు, గొడవ వస్తే ఏ దేశం చట్టం వర్తిస్తుందని రాశారు, ముందు అవి చూడండి. నా కాంట్రాక్ట్‌లో ఈ రెండూ స్పష్టంగా ఉన్నాయి, అందుకు ఏజెన్సీకి మెచ్చుకోలు.

ఇక డబ్బు. ఇక్కడే ఎక్కువమంది మునుగుతున్నారు. అసలు ఏజెన్సీ నా దగ్గర పైసా తీసుకోలేదు, వాళ్ళ కమిషన్ విమాన కంపెనీ నుంచి వస్తుంది. కానీ అదే ఏజెన్సీకి మనుషుల్ని పంపిస్తానని హైదరాబాద్‌లో ఒక మధ్యవర్తి కూర్చుని ఉన్నాడు, అతను మా జిల్లా కుర్రాళ్ళ దగ్గర లక్షల్లో అడుగుతున్నాడు. "సార్, సీటు కన్ఫర్మ్ సార్, మీవాడు రెండు నెలల్లో డాలర్లు పంపుతాడు సార్" అని తల్లిదండ్రులకి నేరుగా ఫోన్ చేస్తాడు. ఒక సంగతి గుర్తు పెట్టుకోండి. మన దేశం నుంచి విదేశీ ఉద్యోగాలకి మనుషుల్ని పంపాలంటే 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద రిజిస్టర్ అయి ఉండాలి, అట్లా రిజిస్టర్ అయిన ఏజెంట్ కూడా అభ్యర్థి దగ్గర తీసుకోగలిగే సర్వీస్ చార్జీ 30,000 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ, అంతే. రిజిస్టర్ అయ్యాడో లేదో ప్రభుత్వ ఇ-మైగ్రేట్ పోర్టల్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. అయిదు లక్షలు అడిగేవాడికి ఈ ఒక్క ముక్క చెప్పండి, మళ్ళీ ఫోన్ చేయడు. పదో తరగతి కూడా లేనివాళ్ళు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తెచ్చుకోవాల్సిన దేశాల జాబితాలో లిబియా, సుడాన్, దక్షిణ సుడాన్ ఉన్నాయి. పైలట్లకి ఆ క్లియరెన్స్ అవసరం పడదు, కానీ ప్రభుత్వం ఆ దేశాలను ఎందుకు వేరుగా పెట్టిందో ఇంట్లోవాళ్ళు తెలుసుకోవడం మంచిది.

తర్వాత బాండ్. ఆ రకం విమానం మీద ఇచ్చే టైప్ ట్రైనింగ్‌కి, చెక్ రైడ్‌కి (విమానం నడిపి చూపించే పరీక్షకి) అయిన ఖర్చు ఏజెన్సీ పెడుతుంది, బదులుగా ఇన్నేళ్ళు పనిచేస్తానని రాయించుకుంటుంది, మధ్యలో మానేస్తే మొత్తం కట్టాలి. పాలమూరు లేబర్ అంటే ఏమిటో తెలిసినవాళ్ళకి ఇది కొత్త కాదు, మేస్త్రీ ముందు అడ్వాన్స్ చేతిలో పెట్టి తర్వాత ఎక్కడి డ్యామ్ పనికి తీసుకుపోతే అక్కడికి పోవాల్సి రావడం లాంటిదే. తేడా ఒకటుంది, ఇక్కడ మాట్లాడి మార్పించుకోవచ్చు. బాండ్ మొత్తం నెలనెలా తగ్గుతూ పోవాలి, కంపెనీయే మూతపడితేనో, జీతం ఆగితేనో బాండ్ రద్దు కావాలి. ఈ రెండూ రాసి ఉన్న బాండ్ మీద సంతకం పెట్టవచ్చు, లేనిదాని మీద పెట్టకండి. నాకు వచ్చిన మొదటి ముసాయిదాలో మొదటిది ఉంది, రెండోది లేదు. అడిగితే చేర్చారు. అడిగినందుకు ఎవరూ ఉద్యోగం తీసేయలేదు.

ఏజెన్సీ బాగా చేసిన పని లైసెన్స్ వాలిడేషన్. మన దేశంలో విమానయానాన్ని చూసే డీజీసీఏ ఇచ్చిన లైసెన్స్‌తో ఇంకో దేశంలో రిజిస్టర్ అయిన విమానం నడపలేం. తోక మీద 5వై అని ఉంటే కెన్యా, 5హెచ్ టాంజానియా, 5ఎక్స్ ఉగాండా, జెడ్‌ఎస్ దక్షిణాఫ్రికా. ఆయా దేశం మన లైసెన్స్‌ను ఆమోదించాలి. దానికి పరీక్ష, చెక్ రైడ్, డీజీసీఏ నుంచి ఈ లైసెన్స్ నిజమైనదేనని ఉత్తరం, మెడికల్ కాగితాలు, ఎగిరిన గంటల లెక్కలు అన్నీ కావాలి. ఈ కాగితాలు తిప్పడానికి వాళ్ళు పెట్టింది పేరు. ఏ కాగితం ఏ రోజుకి కావాలో పట్టిక పంపారు, డీజీసీఏ ఉత్తరం ఆలస్యమైతే వాళ్ళే మెయిళ్ళ మీద మెయిళ్ళు కొట్టారు. ఇంటి దగ్గర నుంచి ఇవన్నీ సొంతంగా చేసుకోబోయి విసిగి వదిలేసినవాళ్ళు నాకు తెలుసు.

వర్క్ పర్మిట్ దగ్గర మాత్రం అంతా గందరగోళం. కెన్యాలో జీతానికి పనిచేయాలంటే క్లాస్ డి పర్మిట్ కావాలి. 2024 జనవరి నుంచి కెన్యా వీసాలు తీసేసి ఈటీఏ అనే ఆన్‌లైన్ అనుమతి పెట్టింది, అది చూడటానికి వచ్చేవాళ్ళకి, పనిచేయడానికి కాదు. నన్ను "ముందు రండి, పర్మిట్ వెనకాల వస్తుంది" అన్నారు. పర్మిట్ వచ్చేదాకా నేను విమానం ఎక్కనని చెప్పి వారాల తరబడి క్రూ హౌస్‌లో మాన్యువల్స్ చదువుతూ కూర్చున్నాను, ఆ కాలానికి జీతం కూడా ఇవ్వలేదు. పట్టుబడితే జరిమానా, దేశం నుంచి పంపించేయడం మనకి, ఏజెన్సీకి ఏమీ కాదు. ఇక్కడ ఒక మార్కు తీసేశాను.

పాస్‌పోర్ట్ ఆఫీసులో భద్రంగా ఉంచుతామని కూడా అడిగారు. ఇవ్వలేదు. 1967 పాస్‌పోర్ట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం ఆ పుస్తకం భారత ప్రభుత్వ ఆస్తి, ఆ మాట మర్యాదగా చెప్పి కాపీలు ఇచ్చాను.

ఇప్పుడు అసలు పని గురించి. ఇది తెలియకపోతే ఏజెన్సీ మంచిదో కాదో తేల్చుకోలేరు.

విల్సన్ ఎయిర్‌పోర్ట్ సముద్ర మట్టానికి 5,500 అడుగుల ఎత్తులో ఉంది. మన నల్గొండ సుమారు 1,400. ఎత్తు పెరిగితే గాలి పల్చన, ఎండ ఎక్కితే ఇంకా పల్చన. మధ్యాహ్నం 26 డిగ్రీలు ఉన్నప్పుడు విల్సన్ రన్‌వే మీద విమానం 8,000 అడుగులు దాటిన చోట ఉన్నట్టు ప్రవర్తిస్తుంది, రెక్కలకి పట్టు తక్కువ, పరుగు ఎక్కువ, ఎక్కడం నెమ్మది. రన్‌వే చూస్తే కిలోమీటరున్నర. కారవాన్ 208బీ గరిష్ట టేకాఫ్ బరువు 8,750 పౌండ్లు, అంటే దాదాపు 3,970 కిలోలు. అందులోంచి ఖాళీ విమానం బరువు, ఇద్దరు పైలట్లు, పోయి రావడానికి ఇంధనం తీసేస్తే సరుకుకి మిగిలేది సుమారు ఒక టన్ను. ఇంజిన్ ఒక్కటే. పీటీ6 ఇంజిన్ నమ్మకమైనదే, నేను దాన్ని ప్రేమిస్తాను కూడా, కానీ అది మన లోడ్‌షీట్ (బరువుల లెక్క రాసే కాగితం) అబద్ధాన్ని మోయడానికి పుట్టలేదు.

ఏం మోస్తాం అంటే, దొరికిందల్లా. మందులు, విడిభాగాలు, మక్కపిండి, వంట నూనె, జనరేటర్లు, పిల్లల కోసం పల్లీల ముద్ద ప్యాకెట్లు. ఈ చివరిది మా వనపర్తి, గద్వాల రైతులకి చెప్పాలనిపిస్తుంది. పల్లీలు, పాలపొడి, చక్కెర, నూనె కలిపి చేసిన ముద్ద, ఒక్కో ప్యాకెట్ 92 గ్రాములు, 500 కేలరీలు, నీళ్ళు కలపనక్కర్లేదు, వండనక్కర్లేదు, తిండి లేక చిక్కిపోయిన పిల్ల చింపుకుని నోట్లో పెట్టుకుంటే చాలు. దక్షిణ సుడాన్‌లో పిబోర్, అకోబో లాంటి ఊళ్ళకి వానాకాలంలో రోడ్డు ఉండదు, విమానం రాకపోతే ఆ డబ్బా రాదు. డబ్బాలు దించుతుంటే ఆడవాళ్ళు నీడలో వరసగా కూర్చుని చూస్తుంటారు, పిల్లలు ఒళ్ళో. ఆ రోజుల్లో జీతం లెక్క మనసులోకి రాదు.

కెన్యా ఉత్తరాన లోకిచొగ్గియో అని ఒక ఎడారి ఊరుంది. 1989లో సుడాన్ కరువు, యుద్ధం బాధితుల కోసం ఐక్యరాజ్యసమితి మొదలుపెట్టిన ఆపరేషన్ లైఫ్‌లైన్ సుడాన్‌కి అదే స్థావరం. ఇప్పటి ఆఫ్రికా కార్గో పైలట్లలో పెద్దవాళ్ళు చాలామంది అక్కడ నేర్చుకున్నవాళ్ళే. నా చెక్ రైడ్ తీసుకున్న కెన్యా కెప్టెన్ కూడా. నేల చూసి నిర్ణయం తీసుకోవడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. దక్షిణ సుడాన్‌లో చాలా స్ట్రిప్‌లు (మట్టి రన్‌వేలు) మనకి బాగా తెలిసిన నల్లరేగడి నేలలోవే. ఎండితే సిమెంట్, ఒక్క వాన పడితే చక్రం యాక్సిల్ దాకా దిగుతుంది. పొద్దున రేడియోలో "స్ట్రిప్ బాగుంది" అంటారు. ఎప్పుడు నడిచి చూశారు, మడమ దిగిందా అని అడగాలి. నాగలి పట్టిన ఇంట్లో పుట్టినవాడికి ఆ ప్రశ్న ఎవరూ నేర్పక్కర్లేదు, పై నుంచి రంగు చూస్తేనే అర్థమవుతుంది, నీళ్ళు తాగిన నల్లరేగడి మెరుపు వేరు.

రాడార్ చాలా చోట్ల లేదు. కంట్రోలర్ ఉన్నా దూరాలకి వాడే హెచ్‌ఎఫ్ రేడియోలో గరగర తప్ప మాట వినపడదు. అందుకే ఆఫ్రికా మీద ఎగిరేవాళ్ళందరూ 126.9 మెగాహెర్ట్జ్ మీద ఎవరికి వాళ్ళు తమ స్థానం చెప్పుకుంటారు, ఎక్కడున్నాం, ఏ ఎత్తులో, ఎటు పోతున్నాం, తర్వాతి పాయింట్ ఎన్నింటికి అని. చెప్పి, విని, ఎదురుగా వచ్చేవాడితో మనమే మాట్లాడుకుని ఎత్తు మార్చుకోవాలి. హైదరాబాద్ రాడార్ కింద శిక్షణ తీసుకున్న పిల్లలకి మొదటి వారాలు మస్తు టెన్షన్‌గా ఉంటుంది. మార్చి నుంచి మే దాకా పెద్ద వానలు, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా చిన్న వానలు కెన్యాలో. మధ్యాహ్నం అయ్యేసరికి మబ్బులు కోటగోడల్లా లేస్తాయి, కాబట్టి చీకటి ఉండగానే లేచి మధ్యాహ్నానికి ముందే పని ముగించడం అక్కడి పద్ధతి.

మీరా గురించి కూడా అడుగుతారు. మేరు కొండల్లో పెరిగే ఆకు, నమిలితే నిద్ర పట్టదు, కోసిన రెండు రోజుల్లో సత్తువ పోతుంది కాబట్టి విమానంలో సోమాలియాకి పరుగెత్తిస్తారు. 2020 మార్చిలో సోమాలియా దాన్ని ఆపేసింది, 2022 జూలైలో మళ్ళీ తెరిచింది, ఆ మధ్యకాలంలో ఎంతోమంది పైలట్లకి పని పోయింది. కెన్యాలో అది మామూలు పంట. మన దేశంలో దానిలోని కేథినోన్ అనే పదార్థం మత్తుమందుల మీదున్న ఎన్‌డీపీఎస్ చట్టం కిందికి వస్తుంది. ఇంటికి వచ్చేటప్పుడు ఎవరైనా "మా చుట్టాలకి ఎండాకు పొట్లం ఇవ్వు" అంటే చేతులు జోడించి వద్దనండి.

నా మూడున్నర మార్కుల్లో రెండు ఎక్కడ వచ్చాయో ఇప్పుడు చెప్తాను. తూకం దగ్గర.

ఒకరోజు తెల్లవారుజామున మక్కపిండి లోడ్. కారవాన్ వెనక భాగంలో సరుకు ఎక్కించేటప్పుడు తోక నేలకి తగలకుండా కింద ఒక స్టాండ్ పెడతారు. లోడింగ్ అయ్యాక స్టాండ్ తీస్తారు. తీసినప్పుడు నేను ముక్కు చక్రం స్ట్రట్ (చక్రం మీది స్టీలు కడ్డీ) వైపు చూస్తాను, అది మామూలు కంటే పైకి సాగిందంటే వెనక బరువు ఎక్కువైందని అర్థం, ఎక్కేటప్పుడు ముక్కు మన మాట వినదు. ఆ రోజు మెరిసే స్టీలు రోజూ కంటే ఎక్కువ కనిపించింది. లోడ్‌షీట్ మీద బరువు అంతా సరిగ్గానే ఉంది, బస్తా మీద 50 కిలోలు అని అచ్చు కూడా ఉంది. ఒక బస్తా దించి తూకం వేయించాను. 50 కాదు. ఇంకొకటి వేశాం, అదీ కాదు. సరుకు మనిషి నెత్తి కొట్టుకుని, రోజూ ఇట్లాగే పోతాయి, నీకు ముందున్న కెప్టెన్ ఎప్పుడూ అడగలేదు అన్నాడు. కంపెనీ ఆపరేషన్స్ నుంచి ఫోన్, ఎండ ఎక్కకముందే పో, లేకపోతే ఇంకో కెప్టెన్‌ని పిలుస్తాం. అన్ని బస్తాలూ తూచి, ఎక్కువైనవి దించితే తప్ప నేను పోనన్నాను.

అక్కడి నుంచే ఏజెన్సీకి ఫోన్ చేశాను. క్రూ కోఆర్డినేటర్ ఒక కెన్యా ఆవిడ. ఆమె నన్ను ఒకటే అడిగింది, తూకం ఫొటో తీశావా అని. తీశానన్నాను. పంపమంది. అరగంటలో కంపెనీకి ఆమె మెయిల్ వెళ్ళింది, మా కెప్టెన్ నిర్ణయమే చివరిది, అంతర్జాతీయ విమానయాన సంస్థ ఇకావో నియమాల్లో, అనెక్స్ 2లో కూడా అదే ఉంది, ఈ కారణంతో అతన్ని మారిస్తే మా మిగతా క్రూని కూడా వెనక్కి పిలుస్తాం అని. బస్తాలు దించారు. వెళ్ళాం, వచ్చాం. ఆ నెల జీతంలో ఏమీ కోయలేదు.

2015 నవంబర్ 4న దక్షిణ సుడాన్ రాజధాని జుబాలో అంటొనోవ్ 12 కార్గో విమానం టేకాఫ్ అయిన కాసేపటికే వైట్ నైల్ ఒడ్డున కూలిపోయింది. అది సరుకు విమానం, అయినా లోపల జనం ఎక్కారు, ముప్పై మందికి పైగా చనిపోయారు. ఆ దారుల్లో తిరిగే ప్రతి పైలట్‌కీ ఆ ఒడ్డు తెలుసు. మీరు వద్దన్న రోజున మీ వెనక నిలబడేది ఎవరు అన్నది జీతం కంటే ముందు అడగాల్సిన ప్రశ్న. ఇంటర్వ్యూలో నేరుగా అడగండి, లోడ్ విషయంలో కెప్టెన్ వెళ్ళనంటే మీరు ఏం చేస్తారు, ఇంతకుముందు ఏం చేశారు అని. నీళ్ళు నమిలితే లేచి వచ్చేయండి.

మిగతా అర మార్కు పోయింది జీతం దగ్గర. డాలర్లలో రాస్తారు, వినడానికి బాగుంటుంది. ఒక దశలో నెలల తరబడి పడలేదు. కంపెనీ నుంచి మాకు రాలేదు అని ఏజెన్సీ, మేం ఇచ్చేశాం అని కంపెనీ. ఇంటి దగ్గర నాయిన ఎప్పుడు ఫోన్ చేసినా మొదట "ఏం రా, పైసలు పడ్డయా? బ్యాంకోళ్ళు ఇంటికొస్తున్నరు" అని. లోన్ మీద చదివిన ప్రతి ఇంట్లో ఉండే మాటే అది. చివరికి మొత్తం వచ్చింది, ఆలస్యానికి వడ్డీ మాత్రం ఎవరూ ఇవ్వలేదు. జీతం ఇన్ని రోజులు దాటితే నేను పని ఆపవచ్చు, ఇంటికి టికెట్ మీరే ఇవ్వాలి అన్న వాక్యం కాంట్రాక్ట్‌లో ఉండాల్సిందే. జీతం పన్ను పోగా చేతికి వచ్చేదా, పన్నుకి ముందుదా అన్నది కూడా రాయించండి. అక్కడ పెద్ద జీతాల మీద పన్ను 35 శాతం దాకా ఉంది.

ఇన్సూరెన్స్ పేజీ ఒక్కటీ రెండుసార్లు చదవండి. 2020 మే 4న సోమాలియాలోని బర్దాలేలో కోవిడ్ సామాగ్రి తీసుకుపోతున్న కెన్యా ఎంబ్రేయర్ బ్రసీలియాను ఇథియోపియా సైనికులు నేల మీది నుంచి కాల్చేశారు, అందులో ఉన్న ఆరుగురూ చనిపోయారు. మామూలు పాలసీల్లో యుద్ధం మినహాయింపు ఉంటుంది, కాబట్టి వార్ రిస్క్ కవర్ పేరు పెట్టి రాసి ఉండాలి, అది విమానానికే కాక క్రూకి కూడా ఉండాలి. మెడికల్ పరీక్షలో తప్పి లైసెన్స్ పోతే డబ్బు వచ్చే లాస్ ఆఫ్ లైసెన్స్ ఇన్సూరెన్స్ వేరు, అది నా కాంట్రాక్ట్‌లో లేదు, సొంతంగా కట్టుకుంటున్నాను. సంతకం ముందు ఇంకో రెండు పనులు చేయండి. ఆ విమానం రిజిస్ట్రేషన్ నంబర్‌ను విమాన ప్రమాదాల వివరాలు ఉండే ఏవియేషన్ సేఫ్టీ నెట్‌వర్క్ వెబ్‌సైట్‌లో కొట్టి చూడండి, ఆ కంపెనీ గానీ ఆ దేశం గానీ యూరోపియన్ యూనియన్ నిషేధ జాబితాలో ఉందో చూడండి. కాంగో డెమోక్రటిక్ రిపబ్లిక్ కంపెనీలు దాదాపు అన్నీ 2006లో వచ్చిన మొదటి జాబితా నుంచీ అందులోనే ఉన్నాయి. జాబితాలో ఉన్నచోట జీతం ఎక్కువ చెప్తారు, ఎందుకు ఎక్కువో ఆలోచించండి.

ఆరోగ్యం విషయంలో ఏజెన్సీ పంపిన కాగితం పనికిరానిది, అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి, హైదరాబాద్ నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు, ఒకసారి వేయించుకుంటే జీవితాంతం చెల్లుతుంది. ఆ పసుపు కార్డు లేకుండా తిరిగి వస్తే మన ఎయిర్‌పోర్ట్‌లోనే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెడతారు. మలేరియాకి వాడే మందుల్లో మెఫ్లోక్విన్ పైలట్లకి పనికిరాదు, తల తిరగడం, పీడకలలు వస్తాయి, మందు రాయించుకునేటప్పుడు విమానం నడుపుతానని చెప్పండి. సెలవుకి ఇంటికి వచ్చాక జ్వరం వస్తే ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర వైరల్ ఫీవర్ సూది వేయించుకుని పడుకోకండి. ఆఫ్రికా నుంచి వచ్చానని చెప్పి అదే రోజు మలేరియా రక్త పరీక్ష చేయించుకోండి, ఫాల్సిపారం రకం ఆగదు.

క్రూ హౌస్ శుభ్రంగా ఉంది, జనరేటర్ ఉంది, దోమతెరలు ఉన్నాయి. వంటమనిషి ఉగాలి (మక్కపిండి ముద్ద), సుకుమా (ఆకుకూర), బీన్స్ బాగా చేస్తాడు, నైరోబీ పార్క్‌లాండ్స్‌లో మన పప్పులూ చింతపండూ దొరుకుతాయి, కారం మాత్రం ఇంటి నుంచి తెచ్చుకోండి. కెన్యా పైలట్లతో మర్యాదగా ఉండండి, వాళ్ళ దేశంలో వాళ్ళ పిల్లలు కూడా గంటలు లేక కూర్చున్నారు, మనం వచ్చి సీటు తీసుకున్నామన్న బాధ వాళ్ళకి ఉంటుంది. అది న్యాయమైన బాధే.

ఎవరికి ఈ ఏజెన్సీ సరిపోతుంది? 200 గంటలతో నిన్ననే సీపీఎల్ వచ్చినవాళ్ళకి కాదు. ఇన్సూరెన్స్ కంపెనీలు ఒప్పుకోవు, ఒప్పుకునే చోటికి మీరు పోకూడదు. ఇన్‌స్ట్రక్టర్‌గానో ఇంకెక్కడైనానో కొన్ని వందల గంటలు పెంచుకున్నాక రండి. అంత తక్కువ గంటలతోనే ఆఫ్రికా రావాలంటే బోట్స్వానాలోని మౌన్‌కి కొత్త పైలట్లు సఫారీ సీజన్‌లో పని వెతుక్కుంటూ పోతారు, అది వేరే దారి, అక్కడ ఏజెన్సీ ఉండదు. కారవాన్ గంటలు ఎయిర్‌లైన్ కెప్టెన్‌కి ఉండాల్సిన ఏటీపీఎల్ లైసెన్సుకి కావాల్సిన 1,500లో లెక్కకి వస్తాయి, కానీ ఇంజిన్ ఒక్కటే కాబట్టి రేపు ఇండియాలో ఎయిర్‌లైన్‌కి పోవాలనుకుంటే మల్టీ ఇంజిన్ గంటలు వేరుగా చూసుకోవాలి. కంపెనీ ముద్ర, సంతకంతో గంటల ధృవీకరణ పత్రం ప్రతి ఏడాదీ తీసుకోండి, మూతపడిన కంపెనీ నుంచి ఆ కాగితం తేవడం ఎవరి వల్లా కాదు. ఈ విషయంలో మా కోఆర్డినేటర్ అడగకముందే పంపుతుంది.

2022 ఫిబ్రవరిలో మన పెద్దవూర మండలంలో శిక్షణ విమానం కూలి ట్రైనీ చనిపోయిన దగ్గర్నుంచి మా వైపు తల్లిదండ్రులకి పైలట్ అంటేనే గుండె దడ. వాళ్ళు ఫోన్ చేసి "ఆఫ్రికా సేఫేనా బిడ్డా?" అని అడుగుతారు. దేశాన్ని బట్టి, కంపెనీని బట్టి, పైలట్ వద్దనగలడా లేదా అన్నదాన్ని బట్టి అని చెప్తాను. ఇంతకంటే గుండ్రంగా చెప్పడం నాకు చేతకాదు, అబద్ధం చెప్పడం ఇష్టం లేదు.

నా కాంట్రాక్ట్ ఈమధ్య ముగిసింది, మళ్ళీ ఇదే ఏజెన్సీతో సంతకం చేశాను. చేసేముందు రెండు వాక్యాలు రాయించుకున్నాను. జీతం ముప్పై రోజులు దాటితే పని ఆపే హక్కు, ఇంటి టికెట్ వాళ్ళదే. పర్మిట్ చేతికి రాకముందు నన్ను రప్పిస్తే, దిగిన రోజు నుంచే జీతం.